తుడవొద్దు, కొట్టేసి పక్కన రాయి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1983లో ఇక్కడ పదో తరగతి పూర్తి చేశాను. తర్వాత ఇంజనీరింగ్ చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. సాఫ్ట్‌వేర్ అనగానే అమెరికా, అద్దాల మేడలు గుర్తుకొస్తాయి చాలామందికి. నా పని అంత సొగసైనది కాదు. ఫ్యాక్టరీలకు, కంపెనీలకు జీతాల లెక్కలు చూసే ప్రోగ్రాములు రాయడం, పాతబడ్డవాటిని కొత్తగా మార్చడం నా పని. మనిషి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి, లెక్క తేల్చి దండ వేసి ఇంటికి పంపే రోజు దాకా ఆయన డబ్బు లెక్కంతా మా ప్రోగ్రాముల్లో నడుస్తుంది.

ఈ సభలో మాట్లాడమన్నప్పుడు ఏం మాట్లాడాలో తోచలేదు. విషయాన్ని మన కార్యదర్శిగారే అందించారు. నెల రోజుల కిందట ఒక లావుపాటి ఫైలు నా చేతిలో పెట్టి, "మన సంఘం నియమావళికి యాభై ఏళ్ళుగా చేసిన సవరణలన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్కో కమిటీ ఒక్కో తీర్మానం చేసింది. ఏది అమల్లో ఉందో, ఏది లేదో ఎవరికీ తెలియడం లేదు. నువ్వు కంప్యూటర్ వాడివి కదా, అన్నీ కలిపి ఒక్క పుస్తకం చేసిపెట్టు" అన్నారు.

ఆ ఫైలు చూడగానే నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్న పని సరిగ్గా ఇదే. పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్తదానిగా మార్చేటప్పుడు అన్నిటికంటే కష్టమైన పని కొత్త కంప్యూటర్లు కొనడమూ కాదు, కొత్త భాషలో ప్రోగ్రాం రాయడమూ కాదు. ఏళ్ళ తరబడి పేరుకుపోయిన రూళ్ళ పాత ప్రతులన్నిటినీ ఒక్కచోటికి చేర్చడం. ఈ పనిలో నేనొక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు గురించి, దాన్ని దిద్దుకోవడానికి ఈ బడిలో విన్న ఒక మాట ఎలా పనికొచ్చిందో దాని గురించి చెబుతాను.

2010లో ఒక పెద్ద ఫ్యాక్టరీ జీతాల ప్రోగ్రాం మార్చే పని మా బృందానికి వచ్చింది. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అవసరం లేదు. వాళ్ళది 1990లలో ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రాం. చట్టంలో మార్పు వచ్చినప్పుడల్లా అక్కడి ప్రోగ్రామరు ఏం చేసేవాడంటే, పాత ఫైలు ముట్టుకోకుండా దానికో కాపీ తీసి, ఆ కాపీలో కొత్త రూలు రాసేవాడు. ఒక్క గ్రాట్యుటీ లెక్కకే పదకొండు ఫైళ్ళు దొరికాయి. ఒకదాని పేరు "గ్రాట్", ఇంకోటి "గ్రాట్ కొత్త", మరోటి "గ్రాట్ కొత్త ఫైనల్". ఆ ఫైనల్ తర్వాత కూడా మూడు ఉన్నాయి. ఏ ఉద్యోగికి ఏ ఫైలు వాడాలో జీతాల విభాగంలో ఇద్దరికే తెలుసు. అందులో ఒకాయన అప్పటికే రిటైరయ్యారు.

గ్రాట్యుటీ అంటే ఏమిటో చిన్నవాళ్ళ కోసం చెబుతాను. ఐదేళ్ళ సర్వీసు నిండిన ఉద్యోగి రిటైరైనా, మానేసినా అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి చట్టం ప్రకారం యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము అది. నెలజీతం వాళ్ళకు లెక్క సులువు. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించాలి, 15తో హెచ్చించాలి, మళ్ళీ సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి. నెలకు 26 పనిరోజులు, ఏడాదికి 15 రోజుల జీతం అన్నమాట. ఐదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. కాకపోతే దీనికి గరిష్ఠ పరిమితి ఉంది. 2010 మే 23 దాకా అది మూడున్నర లక్షలు. మే 24 నుంచి పది లక్షలు.

మేం ఆ పదకొండు ఫైళ్ళు ముందు పెట్టుకున్నాం. అప్పటికి నా వయసు నలభై రెండు. నా కింద ఆరుగురు కుర్రాళ్ళు. "పాత పరిమితులు ఇప్పుడు ఎవరికి కావాలి? వాటి కిందికి వచ్చేవాళ్ళంతా డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు కదా. తాజా రూలు ఒక్కటి ఉంచుదాం, మిగతావన్నీ తీసేద్దాం" అన్నాను. పదకొండు ఫైళ్ళు ఒక్క ఫైలయ్యాయి. చూడముచ్చటగా ఉంది. సమావేశంలో ఫ్యాక్టరీవాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

2011 మొదట్లో కొత్త ప్రోగ్రాం నడక మొదలుపెట్టింది. అందులోంచి వెళ్ళిన తొలి కాగితాల్లో ఒకటి ఒక ఫోర్‌మన్‌ది. ఆయన 2010 ఏప్రిల్ 30న రిటైరయ్యారు. కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉండటంతో లెక్క తేల్చకుండా పక్కన పెట్టారు. తీరా చూస్తే తప్పు ఫ్యాక్టరీ రిజిస్టరులోనే ఉందని తేలింది. అప్పుడు లెక్క వేశారు. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26,000. సర్వీసు 34 ఏళ్ళు. 26తో భాగించి 15తో హెచ్చిస్తే 15,000. దాన్ని 34తో హెచ్చిస్తే 5,10,000. ప్రోగ్రాంలో ఉన్న పరిమితి పది లక్షలు కాబట్టి అడ్డు చెప్పలేదు. ఐదు లక్షల పదివేలు వస్తాయని ఆయనకు ఉత్తరం వెళ్ళింది.

చెక్కు రాసే ముందు ఆడిటరుగారు పట్టుకున్నారు. రిటైరైంది ఏప్రిల్ 30న. కొత్త పరిమితి మే 24 నుంచి. ఇరవై నాలుగు రోజుల తేడా. చట్టప్రకారం ఆయనకు వచ్చేది మూడున్నర లక్షలే. కొత్త ప్రోగ్రాంకు మూడున్నర లక్షల పరిమితి ఒకప్పుడు ఉండేదన్న సంగతే తెలియదు. తెలియకుండా చేసింది నేను.

పర్సనల్ ఆఫీసరుగారు ఆ మాట చెప్పడానికి ఆయన ఇంటికి వెళుతూ నన్ను కూడా రమ్మన్నారు. వెళ్ళాలని లేదు. అయినా వెళ్ళాను. చిన్న ఇల్లు, వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆయన భార్య మజ్జిగ తెచ్చిపెట్టింది. ఆఫీసరుగారు చట్టం వివరిస్తుంటే ఆయన చివరిదాకా విన్నారు. కోప్పడలేదు. లోపలికి వెళ్ళి ఆ ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టారు.

"చట్టం మూడున్నరే అంటే మూడున్నరే ఇవ్వండి బాబూ. నాకంటే ముందు పోయినవాళ్ళకీ అంతే ఇచ్చారు కదా. కానీ ఐదు లక్షల పదివేలని నేనడిగానా? మీరే రాసిచ్చారు. ఇది చూసుకునే అమ్మాయి పెళ్ళి ఖాయం చేసుకున్నాను. కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టాను. ఇప్పుడు మగపెళ్ళివారికి ఏమని చెప్పను, కంప్యూటర్ తప్పు చెప్పిందని చెప్పనా?"

నా దగ్గర జవాబు లేదు. కంప్యూటర్ తప్పు చెప్పలేదు. నేను నేర్పిందే చెప్పింది. మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను తప్ప తాగలేకపోయాను.

ఆ సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే మన లెక్కల మాస్టారు గుర్తుకొచ్చారు.

నా బ్యాచ్ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో క్లాసు లీడరుగా మార్కుల రిజిస్టరు రాసే పని మాస్టారు నాకు అప్పగించారు. ఒకడి మార్కులు ఇంకొకడి వరసలో వేశాను. భయపడి, ఎవరూ చూడకుండా బ్లేడుతో సిరా గీకి, దాని మీద సరైన అంకె వేశాను. కాగితం పల్చబడి వెలుతురులో చిల్లులా కనిపించింది. మాస్టారు చూశారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. రిజిస్టరు తెరిచి పాత పేజీలు చూపించారు. ఎక్కడ తప్పు వచ్చినా దాని మీద ఒకే ఒక్క గీత. కింద అంకె చక్కగా కనిపిస్తూనే ఉంది. పైన ఎర్ర సిరాతో సరైన అంకె, పక్కన పొట్టి సంతకం, తేదీ.

"తప్పు రాయడం తప్పు కాదురా. అక్కడ ఏముండేదో తెలియకుండా చేయడం తప్పు. తుడవొద్దు. కొట్టేసి పక్కన రాయి. ఏ రోజు మార్చావో కూడా రాయి" అన్నారు.

పధ్నాలుగేళ్ళకు విన్న మాట. నలభై రెండేళ్ళకు బస్సు కిటికీ పక్కన కూర్చుంటే అర్థమైంది. ఆ పదకొండు ఫైళ్ళను నేను కలపలేదు. బ్లేడుతో గీకాను.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళి, పని మళ్ళీ మొదటి నుంచి చేస్తామని, దానికి డబ్బు అడగబోమని చెప్పాను. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నవి ఇక్కడున్న ఆడిటర్లకు, ఆఫీసు ఉద్యోగులకు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో చేరుతున్న పిల్లలకు పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది. పదకొండు ఫైళ్ళను వరసగా పెట్టి, గీతగీతకూ పోల్చి చూశాం. చాలావాటిలో లెక్క కట్టే పద్ధతి ఒకటే, మారింది ఒక్క అంకె. అలాంటప్పుడు పదకొండు ప్రోగ్రాములు అక్కర్లేదు. పద్ధతిని ఒక్కసారి రాసి, అంకెలను పట్టికలో పెడితే చాలు. ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు, పరిమితి ఎంత. కొత్త అంకె వస్తే పాత వరసను తీసేయం. దానికి ముగింపు తేదీ వేసి, కింద ఇంకో వరస చేరుస్తాం. మాస్టారి రిజిస్టరే ఇది, కంప్యూటర్‌లో ఉందంతే. 2018 మార్చి 29న పరిమితి ఇరవై లక్షలకు పెరిగినప్పుడు మేం ప్రోగ్రాంలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. పట్టికలో ఒక వరస చేర్చాం, అయిపోయింది.

రెండోది. తేదీలు రాసినంత మాత్రాన సరిపోదు. ఏ తేదీని చూడాలన్నది అసలు ప్రశ్న. ఉద్యోగి మానేసిన తేదీయా, మనం లెక్క వేస్తున్న తేదీయా, డబ్బు చేతికిచ్చే తేదీయా? ఫోర్‌మన్‌గారి విషయంలో మానేసింది 2010లో, లెక్క వేసింది 2011లో. పట్టిక ఎంత బాగా రాసినా, ప్రోగ్రాం ఈ రోజు తేదీ చూసుకుని లెక్క వేస్తే అదే తప్పు మళ్ళీ జరుగుతుంది. ప్రతి రూలుకూ పక్కన "దీన్ని ఏ తేదీతో చూడాలి" అని రాసిపెట్టడం అప్పుడే మొదలుపెట్టాం.

మూడోది. వాడటం లేదు కదా అని ఏ రూలునూ చచ్చిపోయిందనుకోకూడదు. ఒక పాత ఫైలులో ఎనిమిది గీతలు ఉండేవి. పదేళ్ళలో ఒక్కసారి కూడా అవి నడిచిన దాఖలా లేదు. మా కుర్రాళ్ళు తీసేద్దామంటే నేనే సరే అన్నాను. ఈసారి చదివితే అదేమిటో తెలిసింది. గ్రాట్యుటీ ముప్ఫై రోజుల్లోగా ఇవ్వాలి. ఉద్యోగి తప్పు లేకుండా ఆలస్యమైతే ఏడాదికి పది శాతం సాధారణ వడ్డీ కట్టాలి. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడూ సమయానికే ఇచ్చేది కాబట్టి ఆ గీతలకు పని పడలేదు. పని పడిన రోజు వచ్చేసరికి మేం తీసేసి ఉన్నాం. మంటలు ఆర్పే బకెట్‌ను ఇన్నాళ్ళూ వాడలేదని పారేసినట్టు ఉంది మా తెలివి. ఆ గీతలు తిరిగి పెట్టి ఫోర్‌మన్‌గారి లెక్క వేశాం. 2011 ఏప్రిల్ ఆఖరుకు ఆయనకు మూడున్నర లక్షల మీద ఒక ఏడాది వడ్డీ, 35,000 కలిపి ఇచ్చారు. ఉత్తరంలో రాసినదానికి ఇది చాలా తక్కువే. ఆయన నష్టం తీరిందని నేననను. కానీ ఆయనకు న్యాయంగా రావలసినది ఆ ఎనిమిది గీతల్లో ఉంది. నా మొదటి తప్పు ఆయనకు లేనిది ఉందని చెప్పింది. రెండో తప్పు ఉన్నదాన్ని కూడా పోగొట్టబోయింది.

నాలుగోది. ఒక ఫైలులో చివరి నెల జీతానికి బదులు చివరి మూడు నెలల సగటు తీసుకుంటోంది. అందరం అది తప్పనుకున్నాం. తీసేసే ముందు, జీతాల విభాగంలో రిటైరైన ఆ పెద్దాయన్ని బతిమాలి పిలిపించుకున్నాం. ఆయన చూసి, "ఇది ప్యాకింగ్ సెక్షన్‌ది బాబూ. వాళ్ళకు నెలజీతం లేదు, పీసు లెక్కన కూలి. పీసు రేటు వాళ్ళకు మూడు నెలల సగటు తీయాలని చట్టంలోనే ఉంది" అన్నారు. అప్పటికే రాసేసిన రాజీనామా కాగితం చింపినట్టు ఆ ఫైలును జాగ్రత్తగా వెనక్కి తెచ్చుకున్నాం. ఎందుకుందో తెలియని రూలును తీసే హక్కు మనకు లేదు. ముందు దాని కారణం తెలిసిన మనిషిని వెతకాలి. ఆ మనిషి తరచుగా పెద్ద ఉద్యోగి అయి ఉండడు, మూల బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా అయి ఉంటాడు.

ఐదోది. అన్నీ కలిపాక, ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్యాక్టరీ తేల్చిన పాత లెక్కలన్నిటినీ కొత్త ప్రోగ్రాంతో మళ్ళీ వేయించాం. పాత జవాబూ కొత్త జవాబూ పక్కపక్కన పెట్టాం. తేడా వచ్చిన ప్రతి పేరుకూ కారణం రాయాలి, దానికి ఫ్యాక్టరీ వాళ్ళు సంతకం పెట్టాలి. అక్కడ ఒక చిత్రం బయటపడింది. సర్వీసులో చివరి ముక్క ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలంటుంది చట్టం. ఒక పాత ఫైలులో "ఆరు నెలలు దాటితే" అని ఉంది. ఇంకో దానిలో "ఆరు నెలలు గానీ, అంతకు మించి గానీ" అని ఉంది. సరిగ్గా ఆరు నెలలు ఉన్నవాడికి ఒక ఫైలులో ఏడాది కలుస్తుంది, ఇంకోదానిలో కలవదు. చట్టానికి దగ్గరగా ఉన్నది మొదటిది. కానీ చట్టం కంటే ఎక్కువ ఇవ్వడం యాజమాన్యం ఇష్టం. రెండోది పొరపాటున రాసిందా, ఉదారంగా ఉండాలని రాసిందా? మాకు తెలియదు. అలాంటిచోట ప్రోగ్రామరు తనకు తోచింది నిర్ణయించకూడదు. పాత తప్పును నోరు మూసుకుని మోసుకుపోకూడదు, నోరు మూసుకుని దిద్దనూ కూడదు. అడగాలి. అడిగాం. వాళ్ళు మాట్లాడుకుని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం తేదీ కూడా పట్టికలో ఉంది.

ఈ పాఠాలు తర్వాత నాకు చాలాసార్లు అక్కరకొచ్చాయి. రెండు సంగతులు చెప్పి ముగిస్తాను.

ఒకటి 2014లో. ఆ జూన్ 2న రాష్ట్రం రెండైంది. వృత్తి పన్ను లెక్క ఒక్కసారిగా రెండు రాష్ట్రాలది అయింది. రెండుచోట్లా శ్లాబులు ఒకటే. నెలకు 15,000 దాకా పన్ను లేదు, అది దాటి 20,000 దాకా 150 రూపాయలు, ఆపైన 200 రూపాయలు. "రెండూ ఒకటే కదా సార్, ఒక్క రూలుగా ఉంచేద్దాం" అన్నాడు మా కుర్రాడొకడు. నేను వద్దన్నాను. అన్నదమ్ములు వేరుపడిన రోజున ఇద్దరి ఇళ్ళలోనూ ఒకే కూర ఉండొచ్చు. పొయ్యిలు వేరు కదా. రేపు ఒక ప్రభుత్వం మార్చి రెండోది మార్చకపోతే? ఇవాళ అంకెలు కలిశాయని రూళ్ళను కలపకూడదు. రూలును మార్చే అధికారం ఎవరిదో చూసి కలపాలి. గ్రాట్యుటీ ఫైళ్ళలో వేరువేరుగా కనిపించినవి నిజానికి ఒకటి. ఇక్కడ ఒకటిగా కనిపించినవి నిజానికి రెండు.

రెండోది అదే ఏడాది సెప్టెంబరులో. ఉద్యోగుల పింఛను పథకం, అదే 1995 నాటిది, అందులో లెక్కకు తీసుకునే జీతం పరిమితి 2014 సెప్టెంబరు 1 నుంచి 6,500 నుంచి 15,000కు పెరిగింది. పాతవాళ్ళకు పాతది, కొత్తవాళ్ళకు కొత్తది అని సరిపెట్టడానికి వీల్లేదు. ఒకే మనిషి సర్వీసులో రెండు రూళ్ళూ ఉన్నాయి. ఉదాహరణకు, 2002 సెప్టెంబరు 1న పథకంలో చేరి 2020 ఆగస్టు 31న యాభై ఎనిమిదేళ్ళకు రిటైరైన ఒకాయన్ని తీసుకుందాం. చివరి ఐదేళ్ళలో ఆయన జీతం 15,000కు పైనే ఉంది, చందా మాత్రం పరిమితి మేరకే కట్టారు. మొదటి 12 ఏళ్ళకు 6,500 చొప్పున, తర్వాతి 6 ఏళ్ళకు 15,000 చొప్పున లెక్కించి, మొత్తాన్ని 70తో భాగించాలి. 78,000కు 90,000 కలిపితే 1,68,000. 70తో భాగిస్తే నెలకు 2,400 రూపాయలు. తాజా రూలు ఒక్కటే ఉంచుకుంటే 3,857 వస్తుంది. పాత రూలు ఒక్కటే వాడితే 1,671 వస్తుంది. రెండూ తప్పే. ఆయన జీవితం రెండు రూళ్ళ మీదుగా నడిచింది. లెక్క కూడా అలాగే నడవాలి.

రిటైరయ్యేవాళ్ళకు ముందుగా అంచనా కాగితం ఇచ్చే పని అప్పుడు మా ప్రోగ్రాంలో ఉంది. ఆ కాగితం మీద మొత్తం ఒక్కటే రాయకుండా, ఏ కాలానికి ఏ రూలు, దాని ప్రకారం ఎంత అన్నది విడివిడిగా అచ్చు వేయించాను. ఎవరూ అడగలేదు. ఆ ఫోర్‌మన్‌గారి వరండా గుర్తుండి వేయించాను. రేపు తేడా వస్తే, ఎక్కడ తేడా వచ్చిందో ఆ మనిషి తన కళ్ళతో చూసుకోగలగాలి.

ఆ అమ్మాయి పెళ్ళి జరిగిందా అని మీకు అనుమానం రావచ్చు. జరిగింది. మండపం మార్చుకుని, గుళ్ళో చేశారు. నాకు శుభలేఖ పంపారు. వెళ్ళాను. పెళ్ళికొడుకు తండ్రికి నన్ను పరిచయం చేస్తూ ఆయన, "మా ఫ్యాక్టరీకి కంప్యూటర్ రాసిచ్చిన ఇంజనీరుగారు" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఇంకెవరూ వేయలేదు.

ఇక మన కార్యదర్శిగారి ఫైలు. నెల రోజులు చదివాను. అందులోనూ అన్నీ ఉన్నాయి. ఒకే విషయం మీద మూడు తీర్మానాలు, ఒకదాన్నొకటి పట్టించుకోకుండా. ఎందుకు పెట్టారో తెలియని రెండు నిబంధనలు. శాశ్వత సభ్యత్వ రుసుము ఐదుసార్లు మారింది. మొదట్లో అది పాతిక రూపాయలు. ఇప్పుడున్న రుసుము ఒక్కటే పుస్తకంలో ఉంచి మిగతావి తీసేస్తే, తొలి రోజుల్లో పాతిక కట్టిన పెద్దలు ఏ నిబంధన కింద సభ్యులో పుస్తకంలో కనబడదు. రేపు ఎవరో చురుకైన కుర్రాడు కోశాధికారి అయి, "వీళ్ళు పూర్తి రుసుము కట్టలేదు" అని జాబితాలోంచి పేర్లు తీసేయొచ్చు. వాడికి దురుద్దేశమేమీ ఉండదు. నలభై రెండేళ్ళప్పుడు నాకూ లేదు.

ఆ రోజుల్లో పాతిక రూపాయలంటే ఒక గుమాస్తాకు ఎన్ని రోజుల ఇంటి ఖర్చో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. ఆ పాతికలతోనే ఈ సంఘం నిలబడింది. ఆ రోజు పాతిక కట్టిన ఆయన ఈ రోజుకీ శాశ్వత సభ్యుడే.

కాబట్టి పుస్తకం ఒక్కటే చేశాను. అందులో ప్రతి నిబంధన ఒక్కసారే ఉంటుంది. కానీ పక్కన తేదీలుంటాయి. ఏ సర్వసభ్య సమావేశంలో మారింది, అంతకుముందు ఏముండేది అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎందుకు పెట్టారో తెలియని ఆ రెండు నిబంధనలనూ నేను తీసేయలేదు. వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. అప్పటి కమిటీల్లో ఉన్నవారు ఈ సభలోనే కొందరు ఉన్నారు. భోజనాల దగ్గర మీ పక్కన కూర్చుంటాను, దయచేసి గుర్తు తెచ్చుకుని చెప్పండి. మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరు.

పాత రిజిస్టర్లు ఏం చేయాలని కూడా కార్యదర్శిగారు అడిగారు. పుస్తకం అచ్చయ్యాక కూడా వాటిని పారేయకండి. బీరువాలో ఒక అర చాలు.

మా లెక్కల మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆయన చేతి ఎర్ర సిరా ఉన్న రిజిస్టర్లు ఇంకా ఆఫీసు గదిలో ఉన్నాయని విన్నాను. సభ అయ్యాక హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకుని వెళ్ళి, మా తొమ్మిదో తరగతి పేజీ ఒకసారి చూడాలని ఉంది. బ్లేడుతో గీకిన ఆ చోటు, దాని పక్కన ఆయన పెట్టించిన నా పొట్టి సంతకం, తేదీ ఉండే ఉంటాయి.